మరుగుదొడ్డి సగటు 2.8

అయితే మన లైబ్రరీ తలుపు మీదకీ వచ్చేసిందన్నమాట క్యూఆర్ కోడ్. పైన ‘మీ అభిప్రాయం మాకు అమూల్యం’, కింద ‘స్కాన్ చేయండి’. ఊరూరా ఇదే వరస. జిల్లా గ్రంథాలయంలో ఒకటి, డిగ్రీ కాలేజీలో ఒకటి, యూనివర్సిటీలో అయితే ఒకే గోడ మీద ముగ్గురు స్కాలర్లవి మూడు. పాఠకుడు లైబ్రరీని ఎలా వాడుతున్నాడో, కంప్యూటర్ని ఎలా వాడుతున్నాడో, లైబ్రరీలో కంప్యూటర్ని ఎలా వాడుతున్నాడో తెలుసుకుంటే తప్ప ఎవరికీ నిద్ర పట్టేట్టు లేదు. కొత్త పుస్తకం మొహం చూసి ఎన్నేళ్ళయిందో గుర్తులేని బీరువాకి కూడా ఆ కోడ్ అంటించారు. పాపం, ఆ బీరువాకి ఈ మధ్య వచ్చిన కొత్త అచ్చుకాగితం అదొక్కటే.

స్కాన్ చేశాను. గూగుల్ ఫారం తెరుచుకుంది, ఇంగ్లీషులో. ఆరో ప్రశ్న: మీకు స్మార్ట్‌ఫోన్ ఉందా? లేనివాడు ఆరో ప్రశ్న దాకా ఎలా వస్తాడు నాయనా! కాబట్టి నూటికి నూరుమందీ ఉందనే అంటారు. బొమ్మ గీస్తే వలయం మొత్తం ఒకటే రంగు. దాని కింద నిర్ధారణ: పాఠకులందరూ డిజిటల్ వైపు మొగ్గుతున్నారు. దాని కింద సిఫారసు: అచ్చు పుస్తకాల కొనుగోలు తగ్గించుకోవచ్చు. పొద్దున్నే తలుపు తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చుని, తీశాక పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా వదలకుండా చదివి వెళ్ళే రిటైర్డ్ మాస్టారిది బటన్ల ఫోను. ఆయన శాంపిల్లో లేరు. శాంపిల్లో లేనివాడు ఆ హాల్లోనూ లేనట్టే లెక్క.

1931లో మద్రాసు నుంచి రంగనాథన్ గారు గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు అచ్చేసి ఇచ్చారు. ఆ మరుసటి ఏడే, 1932లో, అమెరికాలో రెన్సిస్ లైకర్ట్ అనే మనస్తత్వవేత్త మనిషి అభిప్రాయాన్ని కొలవడానికి అయిదు మెట్ల కొలబద్ద తయారుచేశాడు. మన లైబ్రరీ సైన్సు పెద్దలకి అయిదు అనే అంకె బాగా గుర్తుండిపోయింది. ఏ అయిదో మాత్రం చూసుకున్నట్టు లేదు.

ఆ అయిదు మెట్లే ఇప్పుడు ఫారంలో అయిదు గళ్ళై ఎక్కడపడితే అక్కడ. ఫ్యాన్లకు అయిదు గళ్ళు, కుర్చీలకు అయిదు గళ్ళు, సిబ్బంది మర్యాదకు అయిదు గళ్ళు. ఆ ఆఖరిది నింపుతుంటే సదరు సిబ్బంది భుజం పక్కనే నిలబడి చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది మాత్రం పదిహేడో ప్రశ్న దగ్గర. మరుగుదొడ్ల సౌకర్యం పట్ల మీ సంతృప్తి? చాలా సంతృప్తి, సంతృప్తి, తటస్థం, అసంతృప్తి, చాలా అసంతృప్తి.

మరుగుదొడ్డి విషయంలో తటస్థంగా ఉండగల మనిషిని ఒక్కసారి నాకు చూపించండి. పీఠాధిపతి అయినా సరే, హిమాలయాల్లో తపస్సు చేసొచ్చిన యోగి అయినా సరే. రెండు గ్లాసుల మజ్జిగ పట్టించి, తాళం వేసిన తలుపు ముందు నిలబెట్టి, అరగంట ఆగి అడుగుదాం, ఇప్పుడు మీది ఏ గడి స్వామీ అని.

తాళమే మరి. ఆ తలుపుకి ఎప్పుడు చూసినా తాళమే. తాళం చెవి అటెండరు దగ్గర ఉంటుంది. అటెండరు రెండు లైబ్రరీలకు కలిపి ఒక్కడు. ఇవాళ వంతు పక్క ఊరిది.

ఇక లెక్కలోకి వద్దాం. వందమంది ఫారం నింపారనుకోండి. అరవైమంది మగవాళ్ళు. వాళ్ళకి వెనక ప్రహరీ గోడ ఉంది కనక తాళంతో పేచీ లేదు, ‘సంతృప్తి’ అని నొక్కేశారు, నాలుగేసి మార్కులు. నలభైమంది ఆడపిల్లలు ‘చాలా అసంతృప్తి’ నొక్కారు, ఒక్కో మార్కు. మొత్తం 280. సగటు 2.8. దగ్గరి అంకెకు సవరిస్తే మూడు. మూడంటే తటస్థం. తాళం వేసిన మరుగుదొడ్డి పట్ల పాఠకలోకం తటస్థంగా ఉందని శాస్త్రం తేల్చేసింది! ఆ వందమందిలో ఒక్కరికీ లేని అభిప్రాయం అందరి అభిప్రాయమై కూర్చుంది.

స్కాలర్లు ఇంతటితో వదులుతారా? ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో వేసి కై-స్క్వేర్ పరీక్ష కడతారు. మరుగుదొడ్ల పట్ల సంతృప్తిలో స్త్రీ పురుషుల మధ్య తేడా లేదని ముందు ఒక పరికల్పన. ఆనక 0.05 స్థాయిలో అది తప్పని తేలిందని నాలుగు పేజీల చర్చ. ఆడవాళ్ళకు గోడ చాటు కుదరదన్న సంగతి రుజువు చేయడానికి విశ్వవిద్యాలయ స్థాయి పరిశోధన! పైగా ప్రశ్నావళి నమ్మదగినదేనా అని క్రాన్‌బాక్ ఆల్ఫా అనే పరీక్ష కూడా పెడతారు. ప్రశ్నావళి నమ్మదగినదే. అది పాసైంది. తలుపు సంగతే ఎవరూ పరీక్షించలేదు.

ఇక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. తెల్లవారుజామున మొదటి బస్సుకి బయల్దేరి వచ్చి, గ్రూప్స్‌కనీ డీఎస్సీకనీ పొద్దుగూకేదాకా ఆ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చునే ఆడపిల్లలు నీళ్ళు తాగడం మానేస్తున్నారు. దాహం లేక కాదు, తాగితే ఎక్కడికి వెళ్ళాలో తెలియక. ఇంటి దగ్గర అమ్మ నింపి ఇచ్చిన సీసా సాయంత్రం అలాగే ఇంటికి పోతోంది. ఎండాకాలంలో. వాళ్ళకి జబ్బులొస్తున్నాయి. ఆ హాల్లోకి వెళ్ళి పది నిమిషాలు కూర్చున్నవాడికెవడికైనా తెలిసే సంగతి ఇది. చేతి కంకణానికి అద్దమెందుకని మన పెద్దలు ఊరికే అన్నారా? పదిహేడో ప్రశ్న రాసినవాడు ఆ సాయంత్రమే సుత్తి తెచ్చి తాళం పగలగొట్టి ఉంటే, నా దృష్టిలో వాడికి డాక్టరేట్ ఇవ్వొచ్చు.

స్కాలర్ పిల్లల మీద నాకు కోపం లేదు. గడువు తరుముతుంటుంది, గైడు కాదంటే పని జరగదు. టాపిక్కులు గైడు దగ్గర అచ్చులో పోసి సిద్ధంగా ఉంటాయి: ఫలానా జిల్లాలో ఎలక్ట్రానిక్ వనరుల వినియోగం, ఒక అధ్యయనం. జిల్లా పేరు మారిస్తే కొత్త సిద్ధాంత గ్రంథం. తెలంగాణలో పది జిల్లాలు 33 అయినప్పుడు, 2022లో ఆంధ్రలో పదమూడు 26 అయినప్పుడు జనం సంబరపడ్డారో లేదో గానీ లైబ్రరీ సైన్సు శాఖలకు మాత్రం పండగే. సిద్ధాంత గ్రంథాలు దాచే ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో చూడండి, కావలసినన్ని దొరుకుతాయి. ముగింపు అధ్యాయాలు అటుదిటు ఇటుదటు మార్చినా తేడా పట్టుకోలేరు. ఇంటర్నెట్ వేగం పెంచాలి, పాఠకులకు శిక్షణ ఇవ్వాలి, మరింత పరిశోధన జరగాలి. ఆ మూడోది మాత్రం తు.చ. తప్పకుండా అమలవుతోంది.

అన్నిటికన్నా చేదు ఆ రెండోదే, పాఠకులకు శిక్షణ అన్నది. ఏం కొలిచినా చివరికి దోషి పాఠకుడే. కంప్యూటర్ కేటలాగు వాడటం లేదా? అవగాహన లోపం. ఆ కంప్యూటరు కరెంటుకు తగిలించి ఉందా అని ఏ ప్రశ్నా అడగదు. లైబ్రరీ పుస్తకాలు తీసుకోవడం లేదా? పఠనాసక్తి సన్నగిల్లింది. హైదరాబాదు చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఆవరణకి వెళ్ళి చూడండి. చెట్ల కింద, గోడల వారన, సొంత పుస్తకాలతో కూర్చున్న కుర్రకారు. ఆ పిల్లలకి కావలసింది కూర్చునే చోటు, గాలి, వెలుతురు, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండే గేటు, కొత్త సిలబస్ పుస్తకాలు. ఇది తెలుసుకోవడానికి శాంపిల్ ఎంత ఉండాలో చెప్పే క్రెజ్‌సీ, మోర్గాన్ల పట్టిక చూసి పది లక్షల జనానికి 384 మందిని ఏరనక్కర్లేదు. ఒక్క కుర్రాణ్ణి టీకి పిలిస్తే చాలు.

నాక్ గుర్తింపు కోసం కాలేజీల్లో పెట్టే రాకపోకల రిజిస్టర్ల గురించి రాయను. తనిఖీకి వారం ముందు మూడు నెలల సంతకాలు ఒకే పెన్నుతో పడతాయని రాస్తే, నాకు తెలిసిన ఓ లైబ్రేరియన్ మిత్రుడు బాధపడతాడు.

కొలతల్లేకుండా కళ్ళతో చూసి పనిచేసినవాళ్ళూ ఉన్నారు. గ్రంథాలయోద్యమకారుడు పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పడవల్లో జనం గంటల తరబడి ఊరికే కూర్చునేవారు. అది కంటితో చూసి, పుస్తకాలు పడవెక్కించారు. ప్రయాణికుల సంతృప్తి స్థాయి ఎంతో ఆయన కొలవలేదు. ఆ కాలంలో కోడ్ స్కాన్ చేయమని గట్టు మీద బోర్డు పెట్టి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. పడవ వెళ్ళిపోయేది.

పోనీ, వినియోగం మీద అధ్యయనం చేసి తీరాలంటారా? నేనే టాపిక్ ఇస్తాను, ఉచితంగా. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ఒకటి ఉంది. దాని పుణ్యాన ఇంటి పన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం, మీరూ నేనూ, ఆ బటన్ల ఫోను మాస్టారూ. పురపాలక సంఘాలూ పంచాయతీలూ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. జమ చేయకుండా సొంత అవసరాలకు వాడుకోవడం, బకాయిలు కొండలా పెరగడం, రెండు రాష్ట్రాల పేపర్లలోనూ ఏటా చదువుతున్నదే. ఖాళీ పోస్టులూ ఆ కొండ కిందే ఉన్నాయి. పక్క ఊరికి పోయిన ఆ అటెండరూ అంతే.

కాబట్టి టాపిక్: గ్రంథాలయ పన్ను వినియోగం, ఒక అధ్యయనం. శాంపిల్ ఒక్కరు చాలు, పురపాలక కమిషనరు గారు. క్యూఆర్ కోడు ఆయన గది తలుపుకి అంటించండి. ఒకటే ప్రశ్న: మా పైసలు ఎప్పుడు జమ చేస్తారు? జవాబుకి గళ్ళేమీ వద్దు, తేదీ వేసి సంతకం పెట్టే చోటు వదలండి.