లేజరు రావుగారు

నూజివీడులో లేజరు రావుగారి ఇల్లెక్కడ అని అడిగినచో, గాంధీబొమ్మ సెంటరులోని సోడాబండివాడు మొదలు పనసకొయ్యతో వీణలు చేయు పనివారి వరకు ఎవరైనను చేతిలో పని మాని వచ్చి త్రోవ చూపుదురు. కొత్తగా వచ్చినవారు ఆ పేరు విని, ఆయన కంటివైద్యులనియో, యంత్రమేదో సీమనుండి తెప్పించి ఊరివారి కళ్ళు బాగుచేయుచున్నారనియో, లేదా తామే లేజరు చేయించుకొని అద్దములు విసర్జించిన మహనీయులనియో భావించుట సహజము. ఇవేవియు నిజములు కావు. రావుగారి నాసికపై మైనస్ ఐదు పవరుగల కళ్ళజోడు నేటికిని సుప్రతిష్ఠితమై యున్నది. దానిని లేజరుతో వదిలించుకొనవలెనా, వలదా యని ఆయన 1995 నుండి ఆలోచించుచున్నారు. చేసిన పనికి బిరుదములు పొందినవారు పెక్కురు. చేయబోవు పనికి బిరుదము సంపాదించిన ఘనత ఆయనది. ఆయన జాతివారు ఆంధ్రదేశమున ఊరూరను కలరు: ఒకరు మేడ కట్టుటను గూర్చి, ఒకరు కాశికి పోవుటను గూర్చి, ఒకరు చుట్ట మానుటను గూర్చి ఇట్లే జీవితమును ధారపోయుచుందురు. మాకు లభించినది కంటి శాఖ.

రావుగారిని పిరికివారనుట అన్యాయము. పాములు తిరుగు తోటలో అర్ధరాత్రమున కర్ర లేకుండ నడువగలరు. లోభియనుటయు పొసగదు, ఈ చికిత్సను గూర్చి విచారించుటకై బెజవాడకును హైదరాబాదునకును తిరిగిన బస్సు కిరాయిలు కూడినచో ఒక కన్ను ఏనాడో బాగుపడి యుండెడిది. ఆయన కేవలము విచారణశీలురు. ఆగిరిపల్లి త్రోవలో ఆయనకు పిత్రార్జితమైన మామిడితోట కలదు. సగము చిన్నరసాలు, సగము బంగినపల్లి, గట్టు వెంబడి నాలుగు కలెక్టరు చెట్లు. మా వైపు తోటలను పూతమీద గుత్తకిచ్చువారు కొందరు, కాయ నిలిచిన పిమ్మట ఇచ్చువారు కొందరు. పూతమీద ఇచ్చినచో సొమ్ము ముందుగా చేతబడును, తేనెమంచు పురుగు బెంగ గుత్తదారునిది. కాయమీద ఇచ్చినచో ధర హెచ్చు, కాని ఈలోపల గాలివాన కొట్టినచో నష్టము మనది. పుష్యమాసమున పూత మొగ్గ తొడిగినది మొదలు రావుగారు ఈ రెండు పక్షముల బలాబలములను తూచుచు కూర్చుందురు. పూత పిందెయగును, పిందె కాయయగును, కాయ పండి చిలుకలు కొట్టి నేల రాలును. అప్పుడు గుత్తదారుడే చిక్కములతోడను కూలీలతోడను వచ్చి, ధర తానే చెప్పి, కాయ తానే కోయించి, నున్న మార్కెటునకు లారీ ఎత్తించుకొని పోవును. కదలుచున్న లారీ వెనుక నిలిచి రావుగారు, “వచ్చే ఏడు మాత్రం ముందే తేల్చేస్తాను” అందురు.

ఇక కంటి సంగతి. 1995లో అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ ఎక్సైమర్ లేజరుతో హ్రస్వదృష్టిని సరిచేయు చికిత్సకు అనుమతి యిచ్చెను. అదే యేడు రావుగారికి సంబంధములు చూచుచుండిరి. “అబ్బాయికి సైటెంత?” అని పిల్లవారు అడుగుటయు, “ఎంతయితే ఏం, అదేదో యంత్రం వచ్చిందట, తీసేయిస్తాం” అని వీరి తండ్రిగారు బదులు చెప్పుటయు జరిగినవి. ఆ వాగ్దానమును నమ్మి పెండ్లి చేసికొన్న ఇల్లాలికి ఇప్పుడు మనుమలు. ఆమె ఆ ముచ్చటను చెప్పు తీరు వేరు: “పెళ్ళిచూపుల్లో ఆయన నన్ను చూసిందెక్కడ వదినా! కాఫీ ఆవిరికి అద్దాలు మసకబారితే తుడుచుకుంటూ కూర్చున్నారు. నేనే ఆయన్ని నిమ్మళంగా చూసుకున్నాను.”

నాటినుండి రావుగారు ఒక చిట్టాపుస్తకము నడుపుచున్నారు. అందులో ఎడమ పుట జమ, కుడి పుట ఖర్చు. వానలో మోటారుసైకిలు నడుపునపుడు అద్దములపై నీరు పడకుండుట, తోటలో చెమటకు జోడు ముక్కుమీదనుండి జారకుండుట, మంగలి వద్ద జుట్టు యెట్లు కత్తిరింపబడుచున్నదో కత్తిరింపబడుచుండగనే కనబడుట మొదలగునవి జమ. కన్ను పొడిబారుట, రాత్రివేళ దీపముల చుట్టును వలయములు తోచుట, చేసినది మరల విప్పరానిదగుట ఖర్చు. ఏ సాయంకాలమున కూడి చూచినను రెండు పుటలును సమానముగా తేలును. ఎట్లనగా, ఒక ప్రక్క బరువెక్కినట్లు తోచినచో రెండవ ప్రక్కకు ఆయనయే ఒక పంక్తి వ్రాయుదురు.

ఆ పుస్తకమున శాస్త్రచరిత్రయు కలదు, అది మాత్రము తప్పులేనిది. మదరాసులో 1929లో జన్మించిన రంగస్వామి శ్రీనివాసన్ అను రసాయనశాస్త్రవేత్త, న్యూయార్కు రాష్ట్రమునందలి ఐబీఎం పరిశోధనాలయమున బ్లమ్, వైన్ అను సహచరులతో పనిచేయుచు, 1981 నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగ మరునాడు, ఇంట మిగిలిన టర్కీకోడి ముక్కను ప్రయోగశాలకు కొనిపోయి, 193 నానోమీటర్ల అతినీలలోహిత కిరణమును దానిపై ప్రసరింపజేసెను. కిరణము తగిలినంత మేరయే చెదరిపోయెను. ప్రక్కభాగము కమలినదియు లేదు, మాడినదియు లేదు. 1983లో ట్రోకెల్ అను కంటివైద్యుడు ఈ కిరణము కంటి ముందరి పారదర్శకపు పొరను, అనగా కార్నియాను, చెక్కుటకు పనికివచ్చునని ఆయనతో కలిసి వెల్లడించెను. తరువాత క్రీటు ద్వీపమున పల్లికారిస్ అను వైద్యుడు పై పొరను పలుచగా లేపి, అడుగున చెక్కి, లేపినదానిని మరల పరచు పద్ధతిని ప్రవేశపెట్టెను. అదియే లాసిక్. 1929లో మదరాసు మన రాజధానియే గనుక శ్రీనివాసన్ మనవాడే యని రావుగారి వాదము. జమ పుటలో అదియొక పద్దు. ఈ కథ విని ఆయన తల్లిగారు చెవులు మూసికొనిరి. “కోడి మీద పుట్టిన వైద్యమా నాయనా! అందులోనూ తినగా మిగిలిన కోడి!” అది ఖర్చు పుటకు పోయెను.

సలహాలు అడుగుటలో ఆయనకు కులమత వివక్షము లేదు, విద్యావివక్షము అసలే లేదు. వీణలు చేయు వృద్ధుని అడిగినచో ఆయన, “మెట్లకు మైనం పట్టించి శ్రుతి నిలబెట్టేటప్పుడు నేను కళ్ళు మూసుకుంటానండీ, నన్నడిగితే ఏం చెప్పను?” అనెను. గుత్తదారుడు మాత్రము తడుముకొనలేదు. “అద్దాలుంటేనే మీ మొహానికి నిండుదనం బాబుగారూ, తీశారంటే తోట మీదో కాదో అన్నట్టుంటారు” అనెను. చెమటకు అద్దములు మసకబారి రావుగారు గంపలు లెక్కించుట మానుకొన్న పొద్దుటిపూట లారీలోనికి ఎన్ని గంపలు ఎక్కెనో గుత్తదారునికే తెలియవలెను. అమెరికాలోనున్న మేనల్లుడు ఫోనులో, “ఇరవై నిమిషాల పని మావయ్యా. మర్నాడు సినిమాకి కూడా వెళ్ళాను” అని చెప్పగా, రావుగారు, “తెర చుట్టూ వలయాలేమన్నా కనిపించాయా? ఏ వరసలో కూర్చున్నావు? ఎడమ కంటికా, కుడి కంటికా?” అని అంతర్జాతీయ విచారణ సాగించిరి. ఆ కుర్రవాడు తరువాత పండుగలకు సందేశములే పంపుచున్నాడు, ఫోను చేయుట లేదు.

నా యెరుకలో ఈయనకు కన్ను ముఖ్యము కాదు, జోడును ముఖ్యము కాదు. నిర్ణయింపని మనుష్యునికి లోకమున గల ఆదరము నిర్ణయించినవానికి లేదు. రేపు రావుగారు లేజరు చేయించుకొన్నారనుకొందము. ఎల్లుండినుండి సోడాబండి వద్ద ఆయన మరియొక అద్దములు లేని మనుష్యుడు మాత్రమే. “ఏమండీ రావుగారూ, ఎంతవరకు వచ్చింది?” అని పలుకరించువారుండరు, కుర్చీ వేయువారుండరు. ఇంతటి సభను ఒక్క ఉదయమున రద్దుచేసికొనుటకు ఎవనికి మనసొప్పును?

2008లో ఒక పర్యాయము విషయము ప్రమాదకరమైన దూరమునకు వచ్చెను. ఆ యేడు మా ఊరికి ట్రిపుల్ ఐటీ వచ్చినది. ఊరంతయు ముందునకు పోవుచున్నదను ఉత్సాహమున రావుగారును బెజవాడలోని ఒక వైద్యశాలకు పోయి పరీక్షలన్నియు చేయించుకొనిరి. చుక్కలు వేసిరి, కంటి ఎగుడుదిగుడులను రంగురంగుల పటముగా అచ్చువేసిరి, కార్నియా మందము కొలిచిరి. వైద్యుడు మా ప్రాంతమువాడే యగుటచే మామిడి భాషలో బోధించెను. “బంగినపల్లి బుగ్గ మీద తొక్క లేపి, అడుగున కండ రవ్వంత గీరి, మళ్ళీ తొక్క అతికించామనుకోండి, అంతే. మీ కార్నియా 530 మైక్రాన్లు, అరమిల్లీమీటరు పైచిలుకు. లేపే పొర 110. మీ పవరుకి చెక్కేది సుమారు 75. అడుగున 250కి తగ్గకూడదు, మీకు 345 మిగులుతుంది.” రావుగారు చిట్టాలో తీసివేతలు వేసి సరిచూచుకొని, “టెంక దాకా పోదు గదా?” అనిరి. పోదని వైద్యుడు నవ్వి, “పవరు కూడా ఏడాదికి పైగా నిలకడగా ఉంది. మీరు అన్నివిధాలా తగినవారే” అని ముగించెను.

ఆ మాటకు రావుగారి ముఖము వెలవెలబోయెను. పొర పలుచనయనియో, కన్ను ముందుకు శంకువువలె పొడుచుకొనివచ్చు రోగమేదో పొంచియున్నదనియో యంత్రము చెప్పునని ఆయన లోలోపల గంపెడాశతో వచ్చిరి. వలదని వైద్యుడే అనినచో ఎంత గౌరవప్రదము! “ఇంకొక్కసారి కొలిచి చూడండి, కన్ను ఆర్పానేమో” అనిరి. మరల కొలిచినను 530 యే వచ్చెను. అప్పుడు వైద్యుడు, దాచుట ధర్మము కాదు గనుక, “మీకు నలభై దగ్గరపడుతోంది. చత్వారం ఈ ఆపరేషనుతో ఆగదు. దూరానికి అద్దాలు పోయినా, నాలుగైదేళ్ళలో చదువుకోడానికి పెట్టుకోవలసి వస్తుంది” అని చేర్చెను. ఆహా, రావుగారికి పోయిన ప్రాణము లేచివచ్చెను! కుడి పుటలో ఒక పెద్ద పద్దు పడినది. వైద్యుని చేతులు పట్టుకొని మూడుమారులు కృతజ్ఞత తెలిపి బయటపడిరి.

అటుపిమ్మట తేదీ నిర్ణయించు ప్రయత్నములు సాగకపోలేదు. కాని నూజివీడు పంచాంగమున కంటికి తీరికయైన మాసమేది? పుష్యమాఘములలో పూతకు మందులు కొట్టుదురు, గాలియంతయు ఆ వాసనయే. చైత్రవైశాఖములు కోతలు, లారీల దుమ్ము. పైగా చికిత్సయైన పిదప కన్ను నులుముకొనరాదందురు గదా, రసము తిను దినములలో మోచేతి దాక రసము కారుచుండగా కన్ను దురదపెట్టినచో ఏ చేతితో నిగ్రహించుకొనవలెను? వానలు పడగనే కళ్ళకలక. కార్తికమున తోటలో వనభోజనములు, బంధువులు, పొయ్యిపొగ. మార్గశిరమున మంచుగాలికి కన్ను పొడిబారును. అధికమాసము వచ్చిన యేడు ఒక ఆశ కలిగెను గాని, అధికమాసమున శుభకార్యములు చేయరు.

ఈలోపల శాస్త్రము ఊరకుండలేదు. పొరను బ్లేడుతో లేపు దినములు పోయి లేజరుతోనే లేపు దినములు వచ్చినవి. ఆ వెనుక పొరను లేపుటయే లేకుండ, లోపలనే చిన్న బిళ్ళను చెక్కి, సన్నని గాటునుండి బయటకు లాగు స్మైల్ అను పద్ధతి వచ్చెను. తొందరపడినవారందరును పాతదానితో సరిపెట్టుకొన్నారనియు, తాను ఆగుటచే ప్రతి దశలోను ఒక మెట్టు పైకి వచ్చుచున్నాననియు రావుగారు లెక్క తేల్చిరి. 2022లో నూజివీడు కృష్ణాజిల్లానుండి ఏలూరు జిల్లాలోనికి పోయెను. ఊరు జిల్లా మారినది గాని ఆయన పుట మారలేదు. ఒక్క లాభము మాత్రము కలిగినది: హైదరాబాదులో 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన నేత్రవైద్యసంస్థకు పేరైన ఎల్.వి.ప్రసాద్‌గారు జన్మించిన సోమవరప్పాడు ఏలూరు చెంతనేయుండుటచే, నాటినుండి ఆ సినిమా దిగ్గజము “మా జిల్లావాడు” అయ్యెను. అదియు జమకే పోయినది.

చత్వారము వైద్యుడు చెప్పిన గడువునకే వచ్చినది. అద్దములు పెట్టుకొన్నచో తోట కనబడును, చిట్టా కనబడదు. తీసినచో చిట్టాను ముక్కున కానించుకొని హాయిగా చదువగలరు. “చూశారా, ఆ రోజే చేయించుకుని ఉంటే ఇప్పుడు పేపరు చదవడానికి మళ్ళీ అద్దాలు కొనాల్సొచ్చేది. నాది భగవంతుడిచ్చిన భూతద్దం” అని సోడాబండి వద్ద ఉపన్యసించిరి. విన్నవారు ఒప్పుకొనక తప్పలేదు, ఏలననగా ఆ మాట నిజమే.

నిరుడు రెండు కన్నులలోను శుక్లము మొదలైనది. తాడిగడపలోని కంటి ఆసుపత్రిలో చూపించుకొనుటకై ఇల్లాలు ఆయనను కిరాయికారులో కూర్చుండబెట్టి తీసికొనిపోయెను. వైద్యురాలు చిన్నది, కూతురి వయసు. “దీన్ని తీసేసి లోపల లెన్సు పెడతామండీ. ఆ లెన్సు కొలతలోనే మీ మైనస్ ఐదు కూడా సర్దేస్తాం. ఇక దూరానికి అద్దాల పని ఉండదు” అని చెప్పగా, రావుగారు కుర్చీలోనుండి లేచి నిలువబడిరి. వేచినందులకు ఫలము! లేజరు లేకుండ, కోడి లేకుండ, కాలమే స్వయముగా వచ్చి కళ్ళజోడు తీయుచున్నది! ఊరికి పోగనే చెప్పవలసినవారి పేర్లు మనసులో వరుసకట్టినవి. ఇల్లాలు కొంగుతో కన్నులద్దుకొని, “ఎప్పుడు చేస్తావు తల్లీ?” అని అడిగెను.

“మీ ఇష్టమండీ, వచ్చే వారమైనా సరే. ముందు ఏ లెన్సో చెబితే చాలు. దూరం ఒక్కటే చూపించేదొకటి ఉంది. దూరం, దగ్గర రెండూ చూపించేదొకటి ఉంది, దానికి రాత్రిళ్ళు దీపాల చుట్టూ కొంచెం వలయాలొస్తాయి. కంటి వంపు సరిచేసేది వేరే ఉంది. కొందరు ఒక కన్ను దూరానికి, ఒక కన్ను దగ్గరకి పెట్టించుకుంటారు.”

రావుగారు మరల కూర్చుండి, జేబులోని కలము తీసి, చిట్టాలో కొత్త పుట త్రిప్పి, “ఒక్కొక్కటి నెమ్మదిగా చెప్పమ్మా” అనిరి. ఇల్లాలు మారుమాటాడక లేచి, క్రిందకు పోయి, కిరాయికారు వానిని పంపివేసి వచ్చెను.