మేనల్లుళ్ళ విశ్వవిద్యాలయం

నాందేడ్‌లో దెగ్లూర్ నాకా వైపు ఏ మెకానిక్ షెడ్డులోకి తొంగి చూసినా ఒక ఉస్తాద్, ఒక విప్పదీసిన స్కూటరు, ఒక మేనల్లుడు కనిపిస్తారు. ఉస్తాద్ తలెత్తకుండా చెయ్యి చాపి "బారా-తేరా" అంటాడు. పన్నెండు-పదమూడు నంబరు పానా చేతిలో పడుతుంది. పిల్లవాడిది బిలోలి తాలూకాలో ఏదో ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, షెడ్డులో హిందీ. ఉస్తాద్‌తో చుట్టరికం ఏ భాషలోనూ లేదు. కానీ లేబర్ ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజున మాత్రం వాడు మేనల్లుడే. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు, పద్నాలుగేళ్ళలోపు పిల్లలు ఎక్కడా పని చేయరాదన్నారు. ప్రమాదం లేని కుటుంబ వ్యాపారమైతే బడి లేని వేళల్లో సాయపడొచ్చని ఒక సందు వదిలారు. ఆ కుటుంబంలో మేనమామనూ చేర్చారు. ఇక మేనమామలకు కొదవేముంటుంది?

ఈ విశ్వవిద్యాలయంలో ఫీజు లేదు, జీతమూ లేదు. చాయ్, మధ్యాహ్నం భోజనం, వారానికింత చేతిఖర్చు. సిలబస్ మాత్రం కచ్చితం. మొదటి ఏడు చాయ్ తేవడం, పానాలు తుడవడం, విప్పిన సామాన్లను పెట్రోల్‌లో కడగడం. రెండో ఏడు పంక్చరు, చైను, బ్రేకు. కార్బ్యురేటరు ట్యూనింగ్ దగ్గరికి వచ్చేసరికి ఉస్తాద్ వీపు అటు తిప్పుకుంటాడు. పిసినారితనం అనుకునేరు. అంతా నేర్పితే ఏడాది తిరక్కుండా ఎదురుగానే ఇంకో షెడ్డు లేస్తుంది. నేర్పినందుకు పైసా ఇచ్చేవాడు లేడు, నేర్పితే గిరాకీ పోతుంది. ఆఖరి స్క్రూ ఎన్ని చుట్లు తిప్పాలో విప్పి చెప్పడానికి ఆయనేమన్నా ధర్మసత్రం నడుపుతున్నాడా?

సర్కారు ఊరుకుందా అంటే, పాపం, ఊరుకోలేదు. 1961లోనే అప్రెంటిస్ చట్టం చేసింది. 2019లో నిబంధనలు సవరించి, ఐదో తరగతి చదివి ఆగిపోయినవాడికైనా నెలకు కనీసం 5,000 రూపాయల స్టైపెండ్ ఇవ్వాలంది. ఒక్కటే షరతు: అప్రెంటిస్‌ను పెట్టుకునే చోట కనీసం నలుగురు పనివాళ్ళుండాలి. మన ఉస్తాద్ ఒక్కడే. కనుక చట్టం లెక్క ప్రకారం ఆ షెడ్డులో ఎవడూ ఏమీ నేర్చుకోవడం లేదు. స్కూటర్లు వాటంతటవే బాగవుతున్నాయి.

2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ వచ్చింది. శిక్షణలో రోజుకు 500, పనిముట్లకు 15,000, ఐదు శాతం వడ్డీకి మొదటి విడత లక్ష అప్పు. మొత్తం 18 వృత్తులు. పడవలు చేసేవారున్నారు, గోదావరి ఒడ్డు ఊరు, కాదనలేం. చేపల వలలు అల్లేవారున్నారు. ఆయుధాలు చేసే అస్త్రకారుడు కూడా ఉన్నాడు. మెకానిక్ లేడు. విశ్వకర్మ కాలంలో హీరో హోండా లేదు కదా, జాబితా రాసినవారు పురాణాలు శ్రద్ధగానే చదివారు. పైగా దరఖాస్తుకు పద్దెనిమిదేళ్ళు నిండాలి. అప్పటికి మన షెడ్డు పిల్లవాడి మేనల్లుడి చదువు పూర్తయి, వాడికే ఒక మేనల్లుడు దొరికి ఉంటాడు.

మరుసటి ఏడు మహారాష్ట్ర సర్కారు యువ కార్య ప్రశిక్షణ్ యోజన తెచ్చింది. పని నేర్చుకోవడానికి పన్నెండో తరగతి వాడికి నెలకు 6,000, ఐటీఐ వాడికి 8,000, డిగ్రీ వాడికి 10,000. పదో తరగతి తప్పి ఇంజను విప్పడం వచ్చినవాడికి ఆ పట్టికలో గడి లేదు.

పశ్చిమ ఆఫ్రికాలో బెనిన్ అని చిన్న దేశముంది. అక్కడా ఇవే షెడ్లు, ఇవే ఉస్తాద్‌లు. వాళ్ళు కుర్రాణ్ణి వారంలో ఎక్కువ రోజులు షెడ్డులోనే ఉంచి, కొంతసేపు శిక్షణ కేంద్రానికి పంపి, చివర్న పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే పద్ధతి తెచ్చారు. 2023 జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా అప్రెంటిస్‌కు రాతపూర్వక ఒప్పందం, వేతనం ఉండాలని సిఫారసు చేసింది. మన షెడ్డులో రాతపూర్వకంగా ఉన్నది ఒక్కటే, గోడ మీద 'ఉధార్ బంద్ హై'. నేర్పిన ప్రతి పిల్లవాడికీ ఇంత అని ఉస్తాద్‌కు కూలీ కట్టిస్తే ఆయన వీపు ఇటు తిరుగుతుందేమో చూడొచ్చు. ఆయన వీపు గురించి ఏ పథకంలోనూ పేరా లేదు.

ఈలోగా 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 పొగ నిబంధన వచ్చి పడింది. చాలా కొత్త బండ్లలో కార్బ్యురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సర్లు చేరాయి. ఉస్తాద్ ఇన్నేళ్ళు దాచిన రహస్యం తుక్కు ధరకు దిగింది. చెవి పెట్టి ఇంజను రోగం చెప్పేవాడికి ఇప్పుడు స్కానరు కావాలి. కంపెనీ షోరూం వాళ్ళకు వీపు తిప్పుకునే శ్రమ కూడా లేదు, పాస్‌వర్డ్ ఉంది. దాంతో ఉస్తాద్ మళ్ళీ శిష్యరికంలో చేరాడు. గురువు మేనల్లుడే. ఫోన్‌లో యూట్యూబ్ పెట్టి, ఆపి ఆపి, ఏ వైరు ఎక్కడిదో చూపిస్తున్నాడు. అసలు రిపేరు మొదలయ్యే చోటికి వచ్చేసరికి మాత్రం, "మామూ, నెట్ అయిపోయింది" అంటున్నాడు.