మూగ మెట్టు

తాళం తీసిన చప్పుడు, ఆ వెంటనే తలుపు కిర్రుమన్న చప్పుడు. విరిగిన బెంచీలు, చిరిగిన వాలీబాల్ నెట్టు, పురుగు తిన్న దేశపటాలు. వాటి వెనక బూజు కప్పుకొని నేను.

"ఒరేయ్, మన హార్మణీ ఇంకా ఉందిరోయ్!"

బట్టతల, తెల్ల మీసం. మనిషిని పోల్చుకోలేకపోయాను గానీ గొంతు పట్టేశాను. మా అర్జునుడు!

నేను లెగ్ హార్మోనియాన్ని. ఒంగోలు దగ్గర ఒక ఊరి హైస్కూల్లో నా కొలువు. మా వంశం పుట్టిల్లు ప్యారిస్. 1842లో అక్కడ దెబాఁ అనే ఆయన మాకు పేటెంటు తీసుకున్నాడు. కలకత్తా వచ్చి ఈ దేశపు రూపు దిద్దుకున్నాం. నాటక కంపెనీల పెట్టెలతోపాటు ఊరూరా తిరిగాం. మాకో లోపం ఉంది. ఒక స్వరం నుంచి పక్క స్వరానికి జారలేం. స్థాయికి పన్నెండు మెట్లు, అంతే. మెట్టుకీ మెట్టుకీ మధ్య మాకేమీ లేదు. గమకం పలకదన్నది ఒక కారణంగా 1940లో మమ్మల్ని రేడియోలో వద్దన్నారు. ఆ తలుపు మళ్లీ కాస్త తెరుచుకున్నది 1971లో. నాటకాలవాళ్లు మాత్రం మమ్మల్ని ఏనాడూ వదల్లేదు. పందిరి చివర చుట్ట కాల్చుకుంటున్న రైతు దాకా పద్యం వెళ్లాలంటే వెనక మేముండాలి.

మూతపడిన ఒక నాటక సమాజం నుంచి నన్ను కొనుక్కొచ్చింది తెలుగు మాస్టారు. ఏటా స్కూలు వార్షికోత్సవానికి రెండు సీన్లు తప్పనిసరి. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగం' నుంచి పడక సీను, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి 'హరిశ్చంద్ర' నుంచి కాటి సీను. మాస్టారి కాళ్లు నా తిత్తుల మీద, కళ్లు పిల్లల మీద ఉండేవి.

1978 టెన్త్ బ్యాచ్‌ని మరిచిపోలేను. రెండు బెంచీలు జతచేసి, మాస్టారింటి దుప్పటి పరిస్తే అదే కృష్ణుడి పాన్పు. తలాపున కుర్చీలో దుర్యోధనుడు, కాళ్ల దగ్గర అర్జునుడు. ఆ ఏటి వార్షికోత్సవం రాత్రి పదకొండు దాటింది. దొంగనిద్ర పోవాల్సిన కృష్ణుడు నిజంగానే నిద్రపోయాడు. నేను శ్రుతి ఇచ్చాను. ఉలుకూ పలుకూ లేదు. మాస్టారు మళ్లీ ఇచ్చారు. అర్జునుడు భక్తిగా వంగి నమస్కారం పెడుతున్నట్టే పెట్టి, కృష్ణుడి కాలి బొటనవేలు గట్టిగా గిల్లాడు. వాడు దిగ్గున లేచి, కళ్లు నులుముకుంటూనే నాలుగో శ్రుతిలో పద్యం ఎత్తుకున్నాడు. వన్స్ మోర్!

తెర వెనక ఒక అమ్మాయి కూర్చునేది. ఆడపిల్లకి నాటకమేంటని ఇంట్లోవాళ్లు ఆమెకి ప్రార్థన పాట వరకే ఒప్పుకున్నారు. పద్యం పై స్థాయిలో శ్రుతి తప్పేటప్పుడు కృష్ణుడు చూసేది నావైపు కాదు, తెరవైపు. అక్కడి నుంచి సన్నగా 'ఊఁ' అని అందేది.

ఇవాళ ఆ బ్యాచ్ సమ్మేళనం. నన్ను దులిపి, పందిట్లోకి మోసుకెళ్లారు. నా చుట్టూ కుర్చీలు లాక్కుని ఒకళ్ల కథ ఒకళ్లు చెప్పుకున్నారు.

కృష్ణుడు పొగాకు వేలం కేంద్రంలో పాటగాడయ్యాడట. బేళ్ల వరసల మధ్య నడుస్తూ కిలో ధరని గుక్క తిప్పుకోకుండా రాగం తీసేవాడట. తర్వాత ఎలక్ట్రానిక్ వేలం వచ్చింది, పాటతో పని పోయింది. అర్జునుడు ఆర్టీసీ కండక్టరు. ఈల ఊదకుండానే "ముందుకు జరగండమ్మా" అంటే బస్సు ఆ చివర డ్రైవరు కూడా జరిగేవాడట. దుర్యోధనుడు మద్రాసు రైలెక్కాడు, కోడంబాక్కంలో తిరిగాడు, సినిమాతోపాటు హైదరాబాదు కృష్ణానగర్ చేరాడు. ఎన్నో రాజసభల్లో నిలబడ్డాడు, సింహాసనం వెనక, ఈటె పట్టుకొని. చంద్రమతి వేసిన కుర్రాడికి ఇప్పుడు మూడు లారీలు, బుర్ర మీసాలు. ఆ అమ్మాయి ఏఎన్ఎం చేసి రిటైరైంది. పల్స్ పోలియో రోజుల్లో ఏడ్చే పిల్లలు ఆమె పాట విని నోరు తెరిచేవాళ్లట.

ఒక్కరికీ నాటకం కూడు పెట్టలేదు. ఒక్కరి నుంచీ నాటకం పోనూ లేదు. కళాకారులంటే కాదు, కాదంటే అదీ కాదు. నా మెట్లలో వాళ్ల స్వరం ఎక్కడ వెతకను? మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎక్కడో ఉంది.

"పడక సీను పద్యం ఒక్కటి పాడరా" అన్నారు. ఊరి భజన బృందం కుర్రాడు నా ముందు కూర్చుని నాలుగో శ్రుతి ఇచ్చాడు. కృష్ణుడి గొంతు జీరబోయింది. మూడుకి దిగాడు. ఊహూఁ. చివరికి ఒకటిన్నర దగ్గర నిలదొక్కుకున్నాడు.

నా గుండె జారింది. నడి స్థాయిలో నా మూడో నల్ల మెట్టు మూగది. లోపల ఇత్తడి రీడు విరిగి ఎన్నేళ్లయిందో. ఒకటిన్నర శ్రుతికి మధ్యమం సరిగ్గా అదే.

పద్యం ఎక్కింది. రాగం విప్పాడు. కుర్రాడి వేలు ఆ మెట్టు మీద పడింది. ఉస్సుమని గాలి, అంతే. ఆసరా తప్పి కృష్ణుడి గొంతు తడబడింది. అతని తల అలవాటుగా పక్కకి తిరిగింది. అక్కడ తెర లేదు. రెండో వరస ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో హ్యాండ్‌బ్యాగుతో ఆమె ఉంది.

'ఊఁ' అంది.

సరైన మధ్యమం. కృష్ణుడు దాన్ని పట్టుకొని పైకి వెళ్లాడు.

"వన్స్ మోర్!" అని కేకలు. కృష్ణుడు చేయెత్తి ఆపి, కుర్చీల వరస వైపు చూపించాడు. "ఈసారి పైకొచ్చి పాడమ్మా" అన్నాడు.

ఆమె హ్యాండ్‌బ్యాగు పక్కావిడ చేతికిచ్చి లేచింది. కుర్రాడు నా తిత్తుల మీద కాళ్లు సర్దుకున్నాడు.