దేవుడి దగ్గర నీకు పదకొండేళ్ళే

2025లో ఆగస్టు 15 శుక్రవారం పడింది. మర్నాడు కృష్ణాష్టమి, ఆపైన ఆదివారం. ఇలాంటి వరస దొరికితే మనవాళ్ళలో సగంమంది గోవాకు, సగంమంది తిరుమలకు పోతారు. తిరుమల బాపతువాళ్ళు నెలల ముందే నాలుగు ఫోన్లు ముందేసుకుని మూడు వందల రూపాయల దర్శనం టికెట్ కోసం యుద్ధం చేస్తారు. ఎందుకండీ ఇంత అవస్థ అంటే, "పిల్లలకి మన సంస్కృతి తెలియాలి కదండీ" అంటారు.

తెలుస్తుంది. మొదటి పాఠం ఘాట్ రోడ్డు మీదే మొదలవుతుంది. పన్నెండేళ్ళలోపు పిల్లలకు ఆ టికెట్ అక్కర్లేదు. ఓ కారులోని అమ్మాయికేమో మొన్న ఉగాదికే పన్నెండు నిండాయి. తల్లి ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "ఎవరైనా అడిగితే పదకొండని చెప్పు బంగారం. ఆధార్ ఇంట్లో మర్చిపోయామందాం" అంటుంది. కొండ దిగాక మళ్ళీ పన్నెండు. ఆ పిల్లకు హరిశ్చంద్రుడి కథ చెప్పిందీ ఈ తల్లే. కాటికాపరిగా బతికాడు గానీ అబద్ధమాడలేదని. ఆయనకు క్యూ లైన్ తగల్లేదు లెండి.

ఇక అసలు కథ వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో. ఫోన్లు బయటే డిపాజిట్ చేశారు గనక తండ్రికి తప్పించుకునే దారి లేదు. కంపార్ట్‌మెంట్‌లో తాళం పడింది. పిల్ల మొదలుపెట్టింది.

"నాన్నా, స్వామి పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు కదా, ఇంకా తీరలేదా?"

"ఇప్పుడు కడుతున్నది వడ్డీ అమ్మా."

"మరి అసలు?"

"గోవిందా అను."

"దేవుడు అంతటా ఉంటాడన్నావుగా, ఇంత దూరం ఎందుకొచ్చాం?"

"ఇక్కడ పవర్‌ఫుల్."

"అయితే మన కాలనీ గుళ్ళో దేవుడు..."

"తప్పు! కళ్ళు పోతాయి!"

అయిపోయింది. తెలుగు ఇళ్ళలో మతబోధ మొత్తం ఈ ఒక్క బెదిరింపు మీద నడుస్తోంది. దీని దెబ్బకి పిల్లల కళ్ళు పోయిన దాఖలా లేదు గానీ, అడగబోయి ఆగిపోయిన ప్రశ్నలకు లెక్కలేదు.

ఇది కొత్త జబ్బేం కాదు. కఠోపనిషత్తులో నచికేతుడి తండ్రి యజ్ఞం చేసి, పాలు పిండుకోవడం అయిపోయిన ముసలి ఆవుల్ని దానమిచ్చాడు. కొడుకు చూశాడు. "మరి నన్నెవరికిస్తావు?" అని మూడుసార్లు అడిగాడు. తండ్రికి ఒళ్ళు మండి, "యముడికి" అన్నాడు. పిల్లవాడు నిజంగానే వెళ్ళాడు. చనిపోయాక ఏమవుతుందని యముణ్ణి అడిగాడు. యముడూ మన నాన్నల్లాగే మొదట దాటవేయబోయాడు: అది వదిలెయ్, ఏనుగులిస్తాను, గుర్రాలిస్తాను, బంగారమిస్తాను అన్నాడు. వాడు పట్టు విడవకపోయేసరికి కూర్చోబెట్టి జవాబు చెప్పాడు. పిల్లవాడి ప్రశ్నకు జవాబు కావాలంటే మన దగ్గర అప్పుడూ యమలోకం దాకా పోవలసే వచ్చింది.

నాస్తికుల ఇళ్ళలో ఏదో వెలుగుందనుకోకండి. అక్కడ ప్రశ్నకు జవాబు, "అదంతా మూఢనమ్మకం, వెళ్ళి చదువుకో." ఆ ఇంటి గృహప్రవేశానికి మాత్రం ముహూర్తం తెల్లవారుజామున మూడున్నరకి.

మళ్ళీ క్యూలోకి వద్దాం. పిల్లకు ఇంకో సందేహం: "కొందరు ఇలా కూర్చోకుండానే వెళ్తారట కదా?" వాళ్ళ దగ్గర మంత్రిగారి లెటరుందని, లేదా శ్రీవాణి ట్రస్టుకు పదివేలు విరాళమిచ్చి బ్రేక్ దర్శనం టికెట్ కొనుక్కున్నారని తండ్రి వివరించాడు. ఈ ఒక్క ప్రశ్నకే ఆయన తడుముకోలేదు. రేట్లు, సిఫార్సులు, ఏ ఎమ్మెల్యే పీఏ ఫోనెత్తుతాడో, ఎవడెత్తడో, అన్నీ కరతలామలకం. చివర్న, "మనకీ లెటర్ వచ్చేదే, లాంగ్ వీకెండ్ కదా అని ఆపేశారు" అని నిట్టూర్చాడు. పిల్ల సంగీతం క్లాసులో అన్నమయ్య 'బ్రహ్మమొక్కటే' నేర్చుకుంటోంది. అందులో రాజు నిద్రా బంటు నిద్రా ఒకటేనని అన్నమయ్య అన్నాడు. దర్శనం సంగతి ఆయన ఎత్తలేదు.

దర్శనమైంది. "జరగండి, జరగండి" మధ్య కనిపించినంత కనిపించింది. బయటికి రాగానే తల్లి మొదటి ప్రశ్న: "ఐఐటీ ఫౌండేషన్ టెస్టులో ర్యాంకు రావాలని దండం పెట్టుకున్నావా?" స్వామి ఎలా కనిపించాడు, నీకెలా అనిపించింది అని అడిగినవాళ్ళు లేరు. లడ్డూలు మాత్రం లెక్కపెట్టుకున్నారు. ఆఫీసులో పంచాలి.

వచ్చే సెలవులకు కొండెక్కబోయే అమ్మానాన్నలకు ఒక్క విన్నపం. పిల్లలకు దేవుడి గురించి ఏం చెప్పాలో మీ ఇష్టం, చెప్పకపోయినా మీ ఇష్టం. పన్నెండు నిండిన పిల్లకు మాత్రం మూడు వందలు పెట్టి టికెట్ కొనండి.