రాళ్లెక్కే జీపు: ఖర్చుకు వెనకాడని వాళ్లకు కొన్ని సలహాలు

రాళ్లెక్కే బండికి మొట్టమొదట కొనాల్సింది స్టిక్కర్లు. ఆ తర్వాత లైట్ల పట్టీ, టాపు మీదకు ర్యాకు, ర్యాకులో రెండు డీజిల్ డబ్బాలు, ఒక గడ్డపార, ఒక స్టెప్నీ, వీలైతే గుడారం. బరువంతా నెత్తికెత్తుకున్న బండి ఫొటోలో ఎంత నిండుగా ఉంటుందో చూడండి. ఏటవాలు బండ మీద అది పక్కకు ఒరిగినప్పుడు ఆ నిండుతనం ఎటు దొర్లుతుందో ఫిజిక్సు మాస్టారు చూసుకుంటారు. ఇవన్నీ అమిరాక డబ్బు మిగిలితే జీపు కొనండి.

జీపంటే పాత మహీంద్రాయే. సీజే-3బీ నుంచి ఎంఎం 540 దాకా ఏదైనా పరవాలేదు. ముందూ వెనకా కమాన్ కట్టల మీద నిలబడే గట్టి ఇరుసులుంటాయి, ఏ ఊళ్లో చెడినా సుత్తి పట్టుకుని వచ్చేవాడు దొరుకుతాడు. కొనేటప్పుడు మాత్రం కిందికి వంగి చూడకండి. ఛాసిస్‌ని తట్టి చూడమని, కమాన్ కట్టలు బిగించే చోట తుప్పు ఉందేమో గోకి చూడమని చెప్పే చాదస్తులు ఉంటారు. తడితే చప్పుడు మారుతుంది, మారితే కొనబుద్ధి కాదు, కొనకపోతే నా సలహాలు ఎవరికి? పుట్టీ పెట్టి, పైన మిలిటరీ ఆకుపచ్చ కొట్టించండి. ఆ ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకు తప్ప ఇంకే బండికీ వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల రూల్సులో 121వ రూలు ఉంది. రూల్సు చదివేవాళ్లు స్కూటీ కొనుక్కుంటారు.

ఇక అసలు సంగతి, ఎత్తు. రాళ్లు ఎత్తుగా ఉంటాయి కనక బండి ఎత్తుగా ఉండాలి. ఇందులో వాదనకేం లేదు. పొడుగు షాకిళ్లు వేయించి, ఇరుసు కిందున్న కమాన్ కట్టల్ని ఇరుసు మీదకి మార్పించి, ఆరంగుళాలు లేపించండి. ఇక్కడే తెలిసినవాడొకడు అడ్డు తగులుతాడు. రాయి తగిలేది బాడీకి కాదు, ఇరుసుకి వేలాడే డిఫరెన్షియల్ గుండుకి అంటాడు. సస్పెన్షన్ ఎంత లేపినా ఆ గుండు వెంట్రుకవాసి కూడా లేవదట. దాన్ని లేపేది పెద్ద టైరేనట, అదీ సగానికి సగమేనట: 29 అంగుళాల టైరు తీసి 35 వేస్తే గుండు లేచేది మూడే మూడు అంగుళాలు. పైగా బరువు కేంద్రం పైకి పోతుంది కాబట్టి, టైరు పట్టేంత మాత్రమే లేపి, చక్రాల మధ్య వెడల్పు పెంచుకుంటే మేలని కూడా అంటాడు. లెక్క తప్పని నేనూ అనను. కానీ పక్కింటివాడికి గుండు కనపడదు, బండి ఎత్తే కనపడుతుంది.

లేపాక ప్రొపెల్లర్ షాఫ్టు ఇంకా ఏటవాలవుతుంది, దాని క్రాసులు ఆ కోణం తట్టుకోలేక తొందరగా అరుగుతాయి. బ్రేకు గొట్టాల జోలికి పోకండి, కంపెనీ ఇచ్చిన పొడవే ఉంచండి. చక్రం గోతిలోకి పూర్తిగా జారినప్పుడు గొట్టం వీణతీగలా బిగుసుకుంటుంది. తెగిన రోజున బ్రేకులు లేకుండా దిగడం కూడా వస్తుంది.

గేర్ల విషయం నాలుగు ముక్కల్లో ముగిద్దామనుకున్నాను గానీ, ఈ రంగంలో జనం ఎక్కువ విసిగించేది ఇక్కడే. మొదటి గేరు నిష్పత్తిని లో రేంజి నిష్పత్తితో, దాన్ని ఇరుసు నిష్పత్తితో హెచ్చించమంటారు. వచ్చేదాన్ని క్రాల్ రేషియో అంటారు. అది ఎంత పెద్దదైతే బండి అంత నెమ్మదిగా, అంత బలంగా పాకుతుంది. సీజే-3బీలో సుమారు 2.8, 2.46, 5.38 హెచ్చిస్తే 37 వస్తుంది. అమెరికాలో రాళ్ల కోసమే అమ్మే జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో లో రేంజి ఒక్కటే 4. మాన్యువల్ గేర్ల బండికి మొత్తం 84 దాటుతుంది. అక్కడ క్లచ్చు వదిలేస్తే ఇంజను ఐడిల్ మీదే బండి రాయెక్కుతుంది. మన 37 మీద 35 అంగుళాల టైరు వేశారనుకోండి, ఆ 37 కాస్తా 31 పాటి పని చేస్తుంది. అంటే పెద్ద టైరు వేసినవాడు గేర్లు కూడా మార్చాలి. మార్చకండి. గేర్లు డబ్బాలో ఉంటాయి, ఎవరికీ కనపడవు, ఖరీదు మాత్రం టైర్లంత. క్లచ్చు సగం తొక్కి పట్టుకుని, ఎక్సలేటరు అదిమి, ఆ కాలిన వాసన వచ్చేదాకా లాగండి. క్లచ్చు ప్లేటు ఉన్నది అరగడానికే.

లాకరు అసలొద్దు. మామూలు డిఫరెన్షియల్ పనికొచ్చే కొడుకుని పక్కనబెట్టి తిరుగుబోతు కొడుక్కి డబ్బిచ్చే తల్లి లాంటిది: ఒక చక్రం గాల్లోకి లేస్తే గిర్రున తిరిగేది అదే, రాయిని పట్టుకున్నది కదలదు. రెండు చక్రాల్నీ కలిపి తిప్పే లాకరు వేస్తే ఈ పేచీ తీరుతుంది. అలా తీరిపోతే మజా ఏముంది? లేచిన చక్రాన్ని ఇంజను గోలపెట్టేదాకా తిప్పండి. అది ఉన్నట్టుండి రాతిమీద పడి పట్టు దొరకగానే, ఆ వేగమంతా హాఫ్ షాఫ్టు మీద పడుతుంది. "టప్" మని ఒక చప్పుడు వస్తుంది. ఆటోనగర్‌లో కొత్త పరిచయాలన్నీ ఆ చప్పుడుతోనే మొదలవుతాయి.

బండి దొర్లితే కాపాడే రోల్ కేజ్‌కి ఇంటి పంపు పైపు వాడండి. జీఐ పైపు చవక, వంచడం తేలిక, వంగిపోవడం ఇంకా తేలిక. అతుకు లేని గట్టి ఉక్కు ట్యూబు కొని, అది కూడా బాడీ రేకుకి కాకుండా ఛాసిస్‌కి బిగించేవాళ్లకి మనుషుల మీద నమ్మకం తక్కువ. గాల్వనైజ్డు పైపుని వెల్డింగు చేస్తే వచ్చే జింకు పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. అప్పుడు షాపు మూసేసి పడుకోవచ్చు.

ఇక్కడ ఒక్క మాట వెటకారం లేకుండా. ఇరుక్కున్న బండిని లాగడానికి టో బాల్‌కి బెల్టు తగిలించకండి. ఆ ఇనప గుండు ట్రైలరు లాగడానికి చేసింది. కుదుపుతో లాగినప్పుడు విరిగితే తూటాలా దూసుకొస్తుంది, మనుషులు పోయారు. ఛాసిస్‌కి బోల్టు చేసిన కొక్కేనికే కట్టండి, తాడుకి దగ్గరలో ఎవర్నీ నిలబడనివ్వకండి. ఇక మళ్లీ నా ధోరణికి వస్తాను. వించి కొనేటప్పుడు బండి మొత్తం బరువుకి ఒకటిన్నర రెట్లు లాగేది తీసుకోమంటారు. సగం బరువుది తీసుకుంటే సగం ధరే అవుతుంది. డబ్బా మీద రాసిన బలం డ్రమ్ము మీద తాడు ఒక్క వరసగా ఉన్నప్పటిదని, వరసలు పేరుకునే కొద్దీ తగ్గుతుందని చిన్నక్షరాల్లో ఉంటుంది. చిన్నక్షరాలు కంటికి శ్రమ.

రిపేర్ల సంగతి. లేపిన బండి ఓ గతుకు దాటగానే స్టీరింగు మీ చేతుల్లోంచి పారిపోయేంతగా ఊగుతుందా? దీనికి అమెరికావాళ్లు డెత్ వాబుల్ అని భయపెట్టే పేరు పెట్టుకున్నారు. రెండో స్టీరింగు డ్యాంపరు కొనండి. అదీ చాలకపోతే మూడోది. ఇంట్లోవాళ్లెవరినో స్టీరింగు అటూ ఇటూ కదపమని, మీరు కింద పడుకుని టై రాడ్ ఎండ్లలో, కింగ్ పిన్ బేరింగుల్లో, కమాన్ బుష్షుల్లో ఎక్కడ లూజుందో చూడొచ్చు. లేపినప్పుడు ఇరుసు తిరిగి కాస్టర్ కోణం చెడిందేమో కొలవొచ్చు. ఖర్చు లేదు కనకనే దీన్ని ఎవరూ నమ్మరు. డ్యాంపరు ఊగుడిని దాచుతుంది, వెనక లూజు పెరుగుతూనే ఉంటుంది. మనకు కావలసింది దాచడమే కదా.

ఇంజను వేడెక్కితే థర్మోస్టాట్ తీసి పారేయండి. మన షాపుల్లో తరతరాలుగా నడుస్తున్న వైద్యం ఇది. రాళ్లమీద బండి మనిషి నడకకన్నా మెల్లగా పోతుంది, ఎదురుగాలి ఉండదు, చల్లార్చే భారమంతా ఫ్యాను మీదే. ఆ ఫ్యాను చుట్టూ ఉండాల్సిన ష్రౌడుని ఏ మెకానికో చెయ్యి పట్టడం లేదని ఎప్పుడో ఊడబీకి ఉంటాడు. రేడియేటర్ సందుల నిండా బురద, ముందు మన లైట్ల పట్టీ. వీటిలో ఏదీ ముట్టుకోవద్దు, తప్పంతా థర్మోస్టాట్‌దే.

వాగు దాటాక ఇరుసు నూనె తెల్లగా మజ్జిగలా దిగితే ఆశ్చర్యపోకండి. వేడిగా ఉన్న హౌసింగ్ చల్లటి నీళ్లలో మునగ్గానే లోపలి గాలి కుంచించుకుంటుంది, సీళ్లలోంచీ బ్రీదరులోంచీ నీళ్లు లోపలికి పోతాయి. బ్రీదరుకి ఓ రబ్బరు గొట్టం తగిలించి బానెట్ దాకా తెచ్చుకుంటే చాలు. మీరు మాత్రం స్నార్కెల్ కొనండి, అదైతే అద్దం పక్కన కనపడుతుంది. గేర్లు అరిచినప్పుడు టేప్ రికార్డరు పెంచండి.

రాతి మీదకెళ్లాక టైర్లలో గాలి నిండుగా ఉంచండి. బీడ్‌లాక్ లేని రిమ్ముకి కూడా 15 పీఎస్ఐ దగ్గరకు తగ్గిస్తే టైరు రాయిని కౌగిలించుకుంటుందని అంటారు; 35 మీద ఉంచితే బంతిలా ఎగురుతుంది, అదే అందం. దారి చూపడానికి ఒక్కడు కాదు, వచ్చిన పదిమందీ కావాలి, పదిమందీ ఒకేసారి అరవాలి. కాలిఫోర్నియాలో రూబికాన్ ట్రైల్ అని ఒకటుంది, 1953 నుంచి అక్కడ జీపుల జాతర జరుగుతోంది. సుమారు 35 కిలోమీటర్లకి రెండు మూడు రోజులు తీసుకుంటారు. అంత సోమరితనం మనకెందుకు? 2007లో జాన్సన్ వ్యాలీలో మొదలైన కింగ్ ఆఫ్ ద హామర్స్ రేసు వీడియోలు చూసి, వాళ్లలాగే పరిగెత్తించండి. ఆ బండ్లలో మన జీపు బోల్టు ఒక్కటి కూడా ఉండదన్నది వివరం. హైదరాబాదు చుట్టూ 250 కోట్ల ఏళ్ల గ్రానైట్ బండలున్నాయి, క్రషర్లు మిగిల్చినన్ని. వాటి మీద బాణం గుర్తులు ఎనామెల్ రంగుతోనే వేయండి.

చివరిగా, ఇంటి నుంచి బండ దాకా బండిని రోడ్డు మీదే తోలండి. కంపెనీ వివరాలకు భిన్నంగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే అంది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయలు, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైన చెప్పినవన్నీ చేసి ఉంటే మీరే కూడుకోండి. ఈ గొడవ లేకుండా బండిని లారీ మీద వేసుకెళ్లి, సొంతదారు ఒప్పుకున్న పొలంలో దించి ఆడుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల బండి ఇంటికి లారీ మీదే వస్తుంది. నా సలహాలు పాటిస్తే మీదీ లారీ మీదే వస్తుంది. కాకపోతే ఆ లారీకి అర్ధరాత్రి రేటు.