ఓర్చుకోకండి

చికాకు పుట్టగానే పది దాకా లెక్కపెట్టమని, గట్టిగా ఊపిరి పీల్చి వదలమని చెప్పేవాళ్లు ఇంటికొకరున్నారు. నేను మాత్రం వద్దంటాను. లెక్కపెట్టకండి. విసిగిస్తున్నదేమిటో లేచి వెతకండి.

పడగ్గదిలో ఫ్యాను టక్కుటక్కుమంటోంది. "అలవాటైపోయిందిలే" అంటారు. కరెంటు పోయి ఆ చప్పుడు ఆగగానే బిగుసుకున్న భుజాలు కిందికి జారతాయే, ఎంత అలవాటైందో అప్పుడు తెలుస్తుంది. మెయిన్ ఆపి స్టూలెక్కండి. పైనున్న గిన్నె కడ్డీకి తగులుతోందేమో చూడండి, రెక్కల స్క్రూలు బిగించండి. మెల్లగా తిరుగుతుంటే చాలాసార్లు పోయేది కెపాసిటరే. పాతదాని మీద 2.5 మైక్రోఫారడ్ అనో మరొకటో రాసుంటుంది, అదే అంకెది తెచ్చుకోండి. కారే కుళాయికి వాషరు, కీచుమనే తలుపుకి కొబ్బరినూనె. ఓపికంతా వీటి మీద ఖర్చుపెట్టకండి. వానకీ, ఆలస్యమైన రైలుకీ, మామగారి దగ్గుకీ దాచుకోండి.

ఇక రాత్రి మైకులు. ఇక్కడే మనవాళ్లు మరీ మంచివాళ్లైపోతారు. "దేవుడి పని, ఒక్క రాత్రేగా" అంటూ చెవుల మీద దిండు అదుముకుంటారు. మనసు సర్దుకున్నా ఒళ్లు సర్దుకోదు. మెలకువ రాకపోయినా చప్పుడుకి నిద్రలోనే గుండె వేగం పెరుగుతుంది. ఏళ్ల తరబడి రాత్రుళ్లు అలాగే గడిస్తే బీపీ ముప్పూ పెరుగుతుంది. పక్కింట్లో బైపాస్ అయిన పెద్దాయన ఉంటాడు, కింద పరీక్షలు రాసే పిల్ల ఉంటుంది. మీరు ఓర్చుకున్నంత కాలం వాళ్లూ పడాల్సిందే.

కాబట్టి వెళ్లి అడగండి. "నాన్నగారికి ఒంట్లో బాగోలేదు" లాంటి సాకులు వద్దు. "తమ్ముడూ, పదయింది, నిద్ర పట్టట్లేదు, ఆపండి" అనండి. నిద్రపోవాలంటే జబ్బు చేసి ఉండక్కర్లేదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు మోగకూడదు. పండగలకు ప్రభుత్వం సడలించినా అర్ధరాత్రి 12 వరకే, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. ఇళ్లున్న చోట రాత్రిపూట పరిమితి 45 డెసిబెళ్లు. వినకపోతే 112కి ఫోన్ చేయండి. వీధి, గుర్తు, టైము చెప్పండి. అది ఏ దేవుడిదో, ఎవరి ఇంటి పెళ్లో మాత్రం ఎత్తకండి, మాట అక్కడికి మళ్లిందంటే మైకు సంగతి మూలపడుతుంది.

గొడవలమారి అంటారని భయమా? అననివ్వండి. మర్నాడు లిఫ్టులో పై ఫ్లోరావిడ "మంచిపని చేశారండీ, మా బాబు హాయిగా పడుకున్నాడు" అని మెల్లగా అంటుంది. ఆవిడ నంబరు తీసుకోండి. ఈసారి ఇద్దరూ చేయండి ఫోను.