రెండేళ్ల చదువంటే అదీ!

మా ఇంట్లో నాలుగు తరాల వాళ్లం గుంటూరులో రెండేళ్ల చదువు చదివాం. తాతగారిది ఎఫ్.ఏ. నాన్నగారిదీ నాదీ ఇంటర్మీడియెట్. ఇప్పుడు మనవడిది ఇంటర్. మొదటి ముగ్గురం చదివింది ఒకటే కాలేజీ, ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీ, అంటే ఏసీ కాలేజీ. నాలుగోవాడు పోయే చోటును కూడా కాలేజీ అనే అంటున్నారు. నా బాధంతా అక్కడే.

తాతగారి రోజుల్లో దాని పేరు వాట్స్ మెమోరియల్ కాలేజీ. మద్రాసు యూనివర్సిటీ లెక్కలో సెకండ్ గ్రేడ్ కాలేజీ. సెకండ్ గ్రేడ్ అంటే నాసిరకమని కాదు. బి.ఏ. దాకా చెప్పేది ఫస్ట్ గ్రేడు, ఎఫ్.ఏ. దాకా రెండేళ్లు చెప్పేది సెకండ్ గ్రేడు. ఆపైన చదవాలంటే బందరు నోబుల్ కాలేజీకో, మద్రాసుకో పోవాలి. అంత స్తోమత లేక తాతగారు ఎఫ్.ఏ.తోనే ఆగిపోయారు. అయినా ఊళ్లో ఎవరికి దస్తావేజు రాయాలన్నా, కలెక్టరుకు అర్జీ పెట్టాలన్నా ఆయన అరుగు దగ్గరికే వచ్చేవారు. రెండేళ్ల చదువు ఒక మనిషిని ఊరంతటికీ పనికొచ్చేలా తయారుచేసింది.

ఆ కాలేజీ ఒక్క రోజులో లేచింది కాదు. అమెరికా లూథరన్ మిషన్ తరఫున ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరులో అడుగుపెట్టారు. పుట్టింది జర్మనీలో. అప్పటికే ఆయనకు యాభై ఏళ్లు దగ్గరపడ్డాయి. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆదరించాడు. ఆ ఏడాదే ఇంగ్లీషు బడి మొదలైంది. అది ఎఫ్.ఏ. కాలేజీ అయింది 1885లో, అంటే నలభై మూడేళ్లకు. ఆ తర్వాత నలభై ఒక్క ఏళ్లు ఆగి 1926లో డిగ్రీ కాలేజీ అయింది. చేతనైనంతే చెప్పారు, చెప్పింది గట్టిగా చెప్పారు. ఇప్పుడో? ఏప్రిల్‌లో అపార్టుమెంటు అద్దెకు తీసుకుంటారు, జూన్‌కల్లా బోర్డు కడతారు. మరుసటేడు పక్క వీధిలో ఇంకో బ్రాంచి.

మాది తులసికోట ఉన్న ఇల్లు. తాతగారు కాలేజీలో ప్రార్థన జరిగేటప్పుడు అందరితో పాటు లేచి నిలబడేవారు, ఇంటికొచ్చి సంధ్యావందనం చేసుకునేవారు. రెంటికీ తగువు రాలేదు. కల్పవృక్షకర్త విశ్వనాథ సత్యనారాయణగారు 1930ల మొదట్లో ఆ కాలేజీలోనే పాఠం చెప్పారు. క్రైస్తవ కాలేజీలో అంతటి సనాతనవాది తెలుగు చెప్పాడంటే ఇప్పటి పిల్లలు వింతగా చూస్తారు. మాకు అందులో వింతేమీ లేదు. చదువు వచ్చినవాడు చెప్పాడు, కావలసినవాడు విన్నాడు.

నాన్నగారి తరం తర్వాత రెండేళ్ల ఇంటర్మీడియెట్ తీసేసి ఒక్క ఏడాది పి.యు.సి. పెట్టారు. మళ్లీ 1969లో రెండేళ్ల కోర్సు వచ్చింది. నేను ఆ మొదటి బ్యాచి. ఎం.పి.సి. వాణ్నే అయినా సాయంత్రం లైబ్రరీలో నవలలు చదివితే ఎవరూ తప్పు పట్టలేదు. ఫిజిక్సు మాస్టారికి మా ఊరి పేరు తెలుసు, మా నాన్న పేరు తెలుసు. రెండు రోజులు రాకపోతే ఒంట్లో బాగాలేదా అని అడిగేవారు. నాలుగయ్యాక గ్రౌండులో దుమ్ము లేచేది. పరీక్షలంటే మాకూ భయమే, తప్పినవాళ్లూ ఉన్నారు. తప్పినవాణ్ని వెనక బెంచీ సెక్షనులో వేరుగా కూర్చోబెట్టలేదు.

అన్నీ బంగారు రోజులని అబద్ధం చెప్పను. మా క్లాసులో ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఫీజు కట్టలేక మధ్యలో మానేసిన స్నేహితులున్నారు. ఈ రోజున ఆడపిల్లలు ఇన్ని లక్షల మంది చదువుతున్నారంటే నాకు సంతోషమే. కానీ వాళ్లకు మనం పెడుతున్న చదువేమిటి?

1986లో ఎంసెట్ వచ్చింది. అప్పటినుంచి ఈ రెండేళ్లూ చదువుకునే రెండేళ్లు కావు, ర్యాంకు కోసం కాచుకునే రెండేళ్లు. నా మనవడు తెల్లవారుజామున అయిదింటికి లేస్తాడు, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్. వాడి హాస్టలుకూ క్లాసులకూ ఒకటే బిల్డింగు. మొన్న సెలవుకు వచ్చినప్పుడు మీ తెలుగు మాస్టారెవరురా అని అడిగాను. "తెలుగు కాదు తాతయ్యా, సంస్కృతం. మార్కులు బాగా వేస్తారు," అన్నాడు. సంస్కృతంలో ఏం చదివావురా అంటే నోట్సు చూపించాడు. లైబ్రరీ సంగతి అడిగితే అదెందుకన్నట్టు చూశాడు. తప్పు వాడిది కాదు. అక్కడ చేర్చింది మనం.

పేపర్లో ర్యాంకుల ఫొటోలు పేజీ నిండా వేస్తారు. ఆ పేజీలో లేని వేలమంది పిల్లలూ అంతే ఫీజు కట్టారు. వాళ్ల పేరు తెలిసిన మాస్టారు ఒక్కరైనా ఉన్నారా?

ఈ జూన్‌లో పిల్లల్ని ఇంటర్‌లో చేర్చబోయే తల్లిదండ్రులకు నాదొక్క మనవి. ర్యాంకుల కాగితం చేతిలో పెట్టినప్పుడు దాన్ని పక్కన పెట్టండి. లైబ్రరీ చూపించండి, గ్రౌండు చూపించండి అని అడగండి. చూపించలేకపోతే ఫీజు కట్టకుండా లేచి వచ్చేయండి.